అరమెట్టు కింద

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 11.20

డైరెక్టర్ మేడం తన గదికి పిలిచారు. నగర బృందగానంలో పంతొమ్మిదేళ్లుగా జీతానికి పాడుతున్నాను. కింది గొంతుల వరుసలో రెండో కుర్చీ నాది. పిలిచారంటే మెచ్చుకోవడానికే అనుకుని కాలర్ సర్దుకుని వెళ్లాను.

మెచ్చుకోవడానికి కాదు.

మేం ముప్పై ఆరుగురం. కచేరీలు చేయడమే కాదు, ఊళ్లో జనం చేత పాడించడం కూడా మా ఉద్యోగంలో భాగమే. పాట వచ్చినవాళ్లు, రానివాళ్లు, వచ్చనుకునేవాళ్లు ఎవరైనా రావచ్చు. దానికి బుధవారం గుంపు అని పేరు. నడిపేది నేను. కిందటేడు నలభై ఒక్కమంది వచ్చేవారు. ఇప్పుడు పదమూడు మంది వస్తున్నారు.

మానేసినవాళ్లు పెట్టెలో వేసిన చీటీలు మేడం చదివి వినిపించారు.

"నాలుగు వారాలు వచ్చాను. మూడు వారాలు ఒక్క 'ఆ' దగ్గరే ఉన్నాం."

"పాడదామని వచ్చాను. పరీక్ష రాద్దామని కాదు."

"నేను పళ్ల డాక్టర్ని. నన్ను చూసి జనం నోరు తెరవడానికి భయపడటం అలవాటే. నేను భయపడటం ఇదే మొదలు."

మేడం చీటీలు మడిచి సొరుగులో పెట్టారు. "మీ చెవి బంగారమండీ. కాకపోతే అది నోటిదాకా వచ్చేస్తోంది. ఇరవై ఏడున కచేరీ ఉంది కదా, ఆఖరి పాట వాళ్లూ మనమూ కలిసి పాడాలి. ఆ రోజు స్టేజీ మీద గుంపు నుంచి ఇరవై మంది కనబడకపోతే గుంపు ఎత్తేస్తారు. హాలు టేబుల్ టెన్నిస్ వాళ్లకి ఇచ్చేస్తారట."

టేబుల్ టెన్నిస్!

సాయంత్రం 6.00

తీర్మానం: ముప్పై రోజులు ఎవరి శ్రుతినీ దిద్దను.

నియమాలు:
1. మాటతో దిద్దను.
2. కనుబొమలతో దిద్దను.
3. చూపుడువేలు పైకెత్తను.
4. నా శ్రుతిదండం (మోకాలికి కొడితే సరైన స్వరం మోగే ఉక్కు కడ్డీ, పంతొమ్మిదేళ్లుగా నా చొక్కా జేబులో ఉంది) ఈ క్షణం నుంచి మా ఆవిడ స్వాధీనంలో ఉంటుంది.

మా ఆవిడ దాన్ని దువ్వెనల డబ్బాలో పడేసింది. "మొన్న నిద్రలో నా గురకని కూడా దిద్దారు, గుర్తుందా?" అంది. గుర్తులేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం. రాత్రి భోజనానికి ముందు

ఎంత తేలికో! ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదో! పొద్దుట్నుంచి ఒక్కరినీ దిద్దలేదు. మనసు దూదిపింజలా ఉంది.

(సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఎవరూ పాడలేదు.)

ఉల్లంఘనలు: 0.

సెప్టెంబర్ 3, బుధవారం. రాత్రి 8.40

మొదటి బుధవారం. పదమూడు మందికి తోడు పద్నాలుగో మనిషి వచ్చారు. మా మామగారు!

మామగారు ముప్పై రెండేళ్లు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పారు. అత్తయ్యగారు పోయి ఆరు నెలలైంది. అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. మిగతా సమయమంతా కిటికీ. ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుందని మా ఆవిడే చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకొచ్చింది.

నది మీద వంతెన పాట మొదలుపెట్టాం. నాలుగు చరణాలు, వాయిద్యాలు లేవు. మామగారు నోరు తెరిచారు. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ గొంతు మైకు లేకుండానే మూడో ప్లాట్‌ఫారం దాకా వినబడుతుంది. శ్రుతికి మాత్రం అరమెట్టు కింద ఉంది. పక్కనున్న దర్జీ ఆవిడ ఆ గొంతు వెంటే వెళ్లిపోయింది. ఆవిడ వెంట వెనక వరుస మొత్తం. పాట ఎక్కిన చోటు ఒకటి, దిగిన చోటు ఇంకొకటి.

నా కనుబొమలు చేత్తో పట్టుకున్నాను.

"ఎలా ఉందండీ అల్లుడుగారూ?"

"గట్టిగా ఉంది మామయ్యగారూ."

అబద్ధం కాదు. ఉల్లంఘనలు: 0.

సెప్టెంబర్ 5, శుక్రవారం. ఉదయం 7.15

ఇంట్లో మార్పు వచ్చింది. మామగారు మాట్లాడుతున్నారు. మాట్లాడటమంటే, ప్రకటిస్తున్నారు.

"అమ్మాయి స్నానాల గది నుంచి పది నిమిషాలు ఆలస్యంగా బయటికి వచ్చును. టిఫిన్ మాత్రం సకాలంలో బయలుదేరుతుంది."

మా ఆవిడ స్నానాల గదిలోంచి పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని చాలా నెలలైంది.

లిఫ్ట్ గంట పావుమెట్టు తక్కువగా మోగుతోంది. లిఫ్టుతో ఆ మాట అన్నాను. లిఫ్ట్ మనిషి కాదు, ఉల్లంఘన కింద రాదు.

సెప్టెంబర్ 10, బుధవారం. రాత్రి 8.30

పద్దెనిమిది మంది! దర్జీ ఆవిడ కోడల్ని తెచ్చింది. పళ్ల డాక్టర్ తలుపు దగ్గర నిలబడి నన్ను పది నిమిషాలు గమనించి, ప్రమాదం లేదని తేల్చుకుని లోపలికొచ్చాడు. విరామంలో అందరూ మామగారి చుట్టూ చేరారు. ఆయన ఒకసారి రెండు రైళ్లను పొరపాటున ఒకే ప్లాట్‌ఫారానికి పిలిచిన కథ చెప్పారు.

పాట మూడో చరణానికల్లా పూర్తి మెట్టు దిగింది. నేను చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది, "పన్ను నొప్పా?"

"లేదు. చిరునవ్వు."

ఉల్లంఘనలు: 0. దవడ పట్టేసింది.

సెప్టెంబర్ 14, ఆదివారం. సాయంత్రం 5.00

కొన్ని విషయాలు తేటతెల్లం చేసుకోవడం మంచిది. కిందివి ఉల్లంఘనలు కావు:

అ) నగర బృందంలో నా పక్క కుర్చీ ఆయన్ని దిద్దడం. అది ఉద్యోగం.
ఆ) పిట్టలు.
ఇ) ఫోన్లో వేచి ఉండమని వేసే సంగీతం. కాకపోతే లైన్లోకి వచ్చిన అమ్మాయితో ఆ మాట అనకుండా ఉండాల్సింది.
ఈ) పక్కింటి పాప పుట్టినరోజు. పదిహేను మంది పదిహేను శ్రుతుల్లో పాడుతున్నారు. నేను నాలో నేను సరైన స్వరం కూనిరాగం తీసుకున్నాను, అంతే. గది మొత్తం నావైపు తిరిగింది. కేకు కోయబోతున్న పాప కత్తి పట్టుకుని అలాగే ఆగిపోయింది.

శ్రుతిదండం ప్రస్తుతం నా జేబులో ఉంది. దువ్వెన కోసం వెతుకుతుంటే దొరికింది.

ఉల్లంఘనలు: 0. (పై వివరణలు చూడండి.)

సెప్టెంబర్ 17, బుధవారం. రాత్రి 8.50

ఇరవై మూడు మంది వచ్చారు. గండం గడిచినట్టే. సంతోషంగా ఉండాలి.

నోరు జారింది.

మామగారూ నేనూ నడిచి ఇంటికి వస్తున్నాం. ఆయన హుషారుగా ఉన్నారు. "ఇవాళ ఎలా ఉందండీ అల్లుడుగారూ?" అని అడిగారు. గట్టిగా ఉందని చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు.

"మూడో చరణంలో మీరు కాస్త కిందికి దిగుతున్నారు మామయ్యగారూ."

ఆయన నడక ఆపారు. "కిందికంటే?"

"ఒక మెట్టు. మొదట్లో అర. తర్వాత ఇంకో అర."

"నేనొక్కణ్ణేనా?"

ఇక్కడైనా ఆగాల్సింది. "అందరూ మీ వెంటే దిగుతున్నారు" అన్నాను. అనడమే కాదు, శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టి ఆయన చెవి దగ్గర పెట్టాను.

ఆయన అది మోగడం ఆగేదాకా విన్నారు. తల ఊపారు. ఆ తర్వాత ఇంటిదాకా నాకన్నా ఐదడుగులు ముందు నడిచారు.

ఉల్లంఘనలు: 1. వ్యాఖ్యానం ఏమీ లేదు.

సెప్టెంబర్ 20, శనివారం. ఉదయం 9.00

మూడు రోజులుగా ఇంట్లో ప్రకటనలు లేవు. నిన్న ఎవరూ చెప్పకపోవడం వల్ల టిఫిన్ మాడింది, బస్సు తప్పింది.

మా ఆవిడ దువ్వెనల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. శ్రుతిదండం అందులో వేశాను.

"ఆర్నెల్ల తర్వాత నాన్న గొంతు విన్నానండీ. రెండు వారాలు విన్నాను" అంది. అంతే అంది. తిట్టినా బాగుండేది.

సిగ్గుగా ఉంది. పంతొమ్మిదేళ్లలో నా చెవి పట్టుకున్న తప్పులన్నీ కలిపినా ఇంత కష్టం కలిగించి ఉండవు.

సెప్టెంబర్ 24, బుధవారం. రాత్రి 8.35

మామగారు వచ్చారు, తన చోట్లోనే నిలబడ్డారు. పెదవులు కదిపారు. గొంతు విప్పలేదు.

హాల్లో ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప. పాట మొదటిసారి శ్రుతి తప్పకుండా నాలుగు చరణాలూ నడిచింది. ఒక్క పిసరు కూడా దిగలేదు. అంత నీరసమైన పాట నేను జన్మలో వినలేదు. దర్జీ ఆవిడ రెండో చరణంలో ఆగి చుట్టూ చూసింది. పళ్ల డాక్టర్ పుస్తకంలోకి తల దూర్చేశాడు. విరామం తర్వాత ఆరుగురు తిరిగి రాలేదు. కచేరీకి వస్తామని పేరు రాసినవాళ్లు పద్నాలుగు మంది.

నాకు కావలసిన శ్రుతి నాకు దక్కింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

సెప్టెంబర్ 25, గురువారం. ఉదయం 8.10

కిటికీ దగ్గర మామగారి పక్కన కుర్చీ వేసుకున్నాను. "మీరు బాగానే పాడుతున్నారు మామయ్యగారూ. నాదే పొరపాటు" అన్నాను.

"అబద్ధం ఆడకండి అల్లుడుగారూ. నలభై నిమిషాలు ఆలస్యమైతే నలభై నిమిషాలనే చెప్పాను నేను, ముప్పై రెండేళ్లు. జనం తిట్టుకున్నా సరే."

"మరి పాడటం ఎందుకు మానేశారు?"

"నావల్ల అందరూ చెడుతున్నారన్నారు కదా."

నేను ఆ మాట అనలేదు. కానీ అన్నట్టే. అప్పుడు మొత్తం చెప్పేశాను. చీటీలు, ఇరవై మంది, టేబుల్ టెన్నిస్. ఆయన కిటికీ వైపున్న కుర్చీని నావైపు తిప్పుకుని, "ఆ నలభై ఒక్కమంది ఫోన్ నంబర్లు ఉన్నాయా?" అని అడిగారు.

మధ్యాహ్నం 2.00

ఇప్పుడు వంటింట్లోంచి వినబడుతోంది. "దయచేసి గమనించగలరు. శనివారం సాయంత్రం ఆరు గంటలకు బయలుదేరవలసిన మన వంతెన పాట సకాలంలో బయలుదేరుతుంది. ప్రయాణికులు అరగంట ముందుగా చేరుకోవలెను." పదిహేడో ఫోన్ ఇది. తలుపు దగ్గర మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్లలో నీళ్లు.

సాయంత్రం ఫోన్లన్నీ అయ్యాక మామగారు నాతో అన్నారు, "నేనూ వస్తాను. నోరు కదుపుతాను లెండి. మీకు ఇబ్బంది లేకుండా."

సెప్టెంబర్ 27, శనివారం. కచేరీ. రాత్రి 9.15

ముప్పై ఒక్కమంది! మానేసినవాళ్లలో సగం మంది వచ్చారు. రైలు పిలుపు వస్తే స్టేషన్‌కు వెళ్లకుండా ఎలా ఉంటామని ఒకావిడ అంది.

ఆఖరి పాట. ముందు వాళ్లు ముప్పై ఒక్కమంది, వెనక మేం ముప్పై ఆరుగురం. మొదటి రెండు చరణాలు శ్రుతిలోనే సాగాయి, పలచగా. మూడో చరణంలో ముందు వరుస తడబడింది. దర్జీ ఆవిడ ఆగిపోయి మామగారి మొహంలోకి చూసింది. ఆవిణ్ణి చూసి పక్కవాళ్లు ఆగారు. ప్లాట్‌ఫారం మీద జనం ప్రకటన కోసం తల ఎత్తి నిలబడినట్టు అంతమందీ ఆయనవైపే చూస్తున్నారు.

మామగారు గొంతు విప్పారు. అరమెట్టు కింద.

ముప్పై మంది ఆ గొంతులోకి వచ్చి చేరారు. హాలు నిండిపోయింది. వెనక మా బృందంలో పై గొంతుల అమ్మాయిలు ఒక్క క్షణం చూసి కిందికి దిగారు. నడిమి గొంతులు దిగాయి. నా పక్క కుర్చీ ఆయన కూడా దిగాడు. నేను దిగలేదు. సరైన స్వరం మీద సరిగ్గా నిలబడ్డాను. అరవై ఏడుమందిలో సరిగ్గా పాడుతున్నది నేనొక్కణ్ణే.

ఘోరంగా ఉంది. చెవిలో ఇసుక పోసినట్టు ఉంది. ఎవరు పాడుతున్నారా అని వెతికితే, నేనే.

మేడం చెయ్యి తాళం వేస్తూనే ఉంది. ఆవిడ నావైపు చూశారు. చూపుడువేలితో కిందికి చూపించారు. పంతొమ్మిదేళ్లలో నన్ను ఎవరైనా దిద్దడం ఇదే మొదటిసారి.

దిగాను. దిగాక నా గొంతు నాకు వినబడలేదు. పాట వినబడింది. నాలుగో చరణంలో ఏడుపొచ్చింది, పాడుతూనే ఉన్నాను.

తర్వాత మెట్ల దగ్గర పళ్ల డాక్టర్ మామగారితో అంటున్నాడు, "అద్భుతమండీ. మూడో చరణంలో వెనక ఎవరో ఒకాయన తప్పాడు, అంతే."

"మా అల్లుడుగారు" అన్నారు మామగారు. "ఫరవాలేదు, వెంటనే దిద్దుకున్నారు."

సెప్టెంబర్ 28, ఆదివారం. ఉదయం 7.30

గుంపు ఉంటుంది. మేడం ఫోన్ చేసి చెప్పారు. టేబుల్ టెన్నిస్ వాళ్లు వేరే హాలు చూసుకుంటారట.

పాత తీర్మానం రద్దు. కొత్త తీర్మానం: ఇవాళ్టి నుంచి ముప్పై రోజులు ఎవరి శ్రుతినీ దిద్దను. ఈసారి మినహాయింపులు లేవు. లిఫ్టు, పిట్టలు, పుట్టినరోజులు, పక్క కుర్చీ అన్నీ కలిపి. శ్రుతిదండం మామగారికి ఇచ్చాను. ఆయన దాంతో వీపు గోక్కుంటున్నారు.

మొదటి రోజు. ఉల్లంఘనలు: 0.

7.50

హాల్లోంచి ప్రకటన: "దయచేసి గమనించగలరు. ఏడున్నరకు స్నానానికి వెళ్లవలసిన అల్లుడుగారు ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నారు."

గొంతు అరమెట్టు కింద ఉంది. వస్తున్నా మామయ్యగారూ అన్నాను, అదే శ్రుతిలో.