గుర్రం ఏ రంగుది, పంతులుగారు?

అఫ్జల్‌గంజ్, సోమవారం

కిషన్‌బాగ్‌ల ఉండే శ్రీపాద సదాశివ పంతులుగారికి, వెంకటనారాయణ దండం పెట్టి రాసేదేందంటే,

ఇక్కడ మేమంత బాగున్నం. మీరు, కోమలవల్లమ్మగారు చల్లగ ఉన్నరని ఆటో రాజన్న చెప్పిండు. మీరు ఫోను పెట్టుకోరని, ఏ మాటైనా కాగితం మీదనే అని కూడ ఆయనే చెప్పిండు. రోజూ మీ గల్లీకి, మా బజారుకు తిరిగే మనిషి కాబట్టి మన ఉత్తరాలు ఆయన ఆటోలనే వస్తయి, పోతయి.

మాది తాతలనాటి నవారు, నులక కొట్టు. మంచాలు అల్లే తాడు అమ్ముకొని బతికినోళ్లం. ఇప్పుడు నులక మంచం ఎవరు అల్లిస్తున్నరు? అందుకని మా బిడ్డ స్రవ్య కొట్టును పుస్తకాల షాపు చేసింది. కొత్త పుస్తకం వచ్చిందంటే, ఆదివారం ఆ రాసినాయన్ను పిలిచి, కుర్చీల కూసోబెట్టి, నాలుగు ముక్కలు చదివిస్తం. మీ కథల పుస్తకం ‘మిద్దె మీద పడకలు’ మొన్ననే వచ్చింది. ఎండాకాలం గల్లీ గల్లీ అంత మిద్దెలెక్కి పండుకున్న రోజులు చదువుతుంటే నాకు మా నాయిన గురక వినబడ్డది. వచ్చే ఆదివారం పొద్దుగూకే వేళకు మీరే రావాలె.

జనం సంగతి దాచను. పోయిన వారం ఒక కవయిత్రి వస్తే ఐదుగురు విన్నరు. మర్యాదకు మాత్రం తక్కువ చెయ్యం. ఏం కావాలన్నా మొహమాటం లేకుండ రాయండి.

ఇట్లు,
మీ మాట కోసం చూసే వెంకటనారాయణ

తా.క. ఆ ఐదుగురిల ఇద్దరు నవారు కోసం వచ్చినోళ్లు. పాపం కవిత్వం అయిపోయేదాక ఆగి, అప్పుడు అడిగిన్రు.

* * *

కిషన్‌బాగ్, మంగళవారం

వెంకటనారాయణ సేఠ్ గారికి, సదాశివ నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్న. నేను కరెంటు ఆఫీసులో బిల్లులు రాసి రిటైరైనవాణ్ని. మావాళ్లంతా గుడి సేవలో ఉన్నవాళ్లు. మా వంశంలో గట్టిగా మాట్లాడింది గంట ఒక్కటే. నలుగురి ముందు కూర్చుని నా మాట నేను చెప్పుకోవడం ఇంతవరకు జరగలేదు. నాకు ఏమీ వద్దు సేఠ్ గారూ, ఎవరైనా వస్తే చాలు. ఎవరూ రాకపోతే ఆ ఖాళీ కుర్చీల ముందు ఎట్లా కూర్చోవాలన్నదే నా భయం.

కోమలవల్లి అయితే రానన్నది. “మీ కలలు రోజూ పొద్దున ఇంట్లనే వింటున్న, మళ్ల ఆటో ఎక్కి వచ్చి వినాల్నా?” అని అడిగింది. ఆమె మాటలో అబద్ధం లేదు. నాకు చిన్నప్పటినుంచి కలలు ఎక్కువ. లేవగానే ఆమెకు చెప్పకపోతే చాయ్ గొంతు దిగదు. ఆ కలలే కొంచెం దుమ్ము దులిపి కథలుగా రాసుకున్న.

రాత్రి వచ్చింది మీకు కూడా చెప్తాను. మీ కొట్టు నిండా పావురాలు. ఒక్కో పుస్తకం మీద ఒక్కోటి రెక్కలు ముడుచుకుని కూర్చుంది. నేను చదువుతుంటే మెడలు వంచి వింటున్నయి. పేజీ తిప్పినప్పుడల్లా అన్నీ కలిసి కొంచెం పక్కకు జరిగి మళ్లీ సర్దుకున్నయి. మూసీ మీది నుంచి మల్లెపూల వాసన వచ్చింది. కల అని నాకు అక్కడే తెలియాల్సింది.

ఇట్లు,
భయం భయంగా, సదాశివ

తా.క. పావురాలు పుస్తకాలను ఖరాబు చేయలేదు. మీరు ఫికర్ పడతారని రాస్తున్న.

* * *

అఫ్జల్‌గంజ్, బుధవారం

పెద్దలు సదాశివ పంతులుగారి సముఖానికి, వెంకటనారాయణ నమస్కారం.

పావురాల సంగతి చదివిన. అర్థమైంది. పెద్దమనుషుల మనసు నోటి మాటల కాదు, పక్క మాటల దొరుకుతదని మా తాత అనేటోడు. ఇగ నేను ఎక్కువ రాయను. ఇంకేం కలలొచ్చినా సిగ్గుపడకుండ చెప్పండి.

ఇట్లు,
మీ సేవల వెంకటనారాయణ

తా.క. కలలు మా ఇంట్ల కూడ ఉన్నయి. మా అమ్మ నాగమణమ్మకు ఏదీ నోరు తెరిచి అడిగే అలవాటు లేదు. పోయిన ఏడు ఆమెకు కలల జరీ అంచు పట్టుచీర కనబడ్డది. పండుగకల్ల అది ఒంటి మీదికొచ్చింది. అంతకు ముందు కలల ఫ్రిజ్ వచ్చింది. అది కూడ వంటింట్లనే ఉన్నది.

* * *

కిషన్‌బాగ్, గురువారం

సేఠ్ గారికి నమస్కరించి, సదాశివ.

మీ అమ్మగారి సంగతి చదివి ఒళ్లు జలదరించింది. కన్న కల కన్నట్టు నిజమయ్యే పుణ్యం ఎందరికి ఉంటుంది? ఆమె పాదాలకు నా దండం చెప్పండి. నా కలలు కూడా ఆమె చెవిన వేయండి. ఫలం ఏమిటో చెప్పగలిగితే మహాభాగ్యం.

రాత్రి ఒక గుర్రం వచ్చింది. మీద ఎవరూ లేరు. అఫ్జల్‌గంజ్ బస్సులన్నీ హారను కొట్టకుండా ఆగి దానికి దారి ఇచ్చినయి. అది ఎవరింటికో పేరంటానికి పోతున్నట్టు తాపీగా నడిచి వచ్చి, మీ వాకిట్లో నిలబడి, తల లోపలికి పెట్టి కథ మొత్తం విన్నది. దాని ఊపిరికి పుస్తకాల అట్టలు మెల్లగా లేచి పడుతున్నయి. ఒక్కరైనా చివరిదాకా విన్నారు కదా అని నేను కలలోనే ఏడ్చిన. లేచి చూస్తే దిండు తడిసి ఉంది.

ఇట్లు,
మీ సదాశివ

తా.క. మనుషులు వస్తరన్న ధైర్యం లేనోళ్లకే గుర్రాలు వస్తయని కోమలవల్లి అంటున్నది.

* * *

అఫ్జల్‌గంజ్, శుక్రవారం పొద్దున

పంతులుగారికి, తొందరల వెంకటనారాయణ.

గుర్రం ఏ రంగుది, పంతులుగారు? తెల్లదా, గోధుమదా? మెడల పూలు ఉన్నయా, లేవా? కాలికి ఏమన్న కట్టి ఉన్నదా? పెండ్లిళ్ల రోజులు కాబట్టి ఈ సంగతి జల్ది తెలిస్తే మంచిది. జవాబు రాజన్న చేతికియ్యండి, ఆయన మీ గుమ్మంలనే నిలబడుతడు.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క. మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించిన. మస్తు మెచ్చుకున్నది. పంతులుగారికి ఈ విషయంల నాకంటె అనుభవమున్నది అన్నది.

* * *

కిషన్‌బాగ్, శుక్రవారం మధ్యాహ్నం

సేఠ్ గారికి, గుమ్మంలో రాజన్నను నిలబెట్టి రాస్తున్న సదాశివ.

తెల్లది. మెడలో చామంతి దండ. ముందు కుడికాలికి ఒక్కటే గజ్జె. స్వప్నఫలానికి పెండ్లిళ్ల రోజులతో ఏం సంబంధమో నాకు తెలియదు కాని, పెద్దావిడ అడిగించారంటే శాస్త్రం ఉండే ఉంటుంది.

ఇందాకటి కునుకులో ఇంకొకటి వచ్చింది. మీ కొట్టులో కుర్చీలు లేవు, అన్నీ నులక మంచాలే. వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి వెల్లకిలా పడుకున్నారు. కొట్టుకు పైకప్పు లేదు. చుక్కలు ఒక్కొక్కటే వస్తుంటే నేను చదువుతున్న. వాళ్లు వింటున్నారో నిద్రపోతున్నారో నాకు తెలియలేదు, తెలియాలని కూడా అనిపించలేదు. అంత హాయి ఎన్నడూ లేదు.

ఇట్లు,
సదాశివ

తా.క. మీ అమ్మగారు చెప్పిన ఆ అనుభవం నాకు ఎక్కడిది? పెద్ద మనసుతో అన్నారు.

* * *

అఫ్జల్‌గంజ్, శుక్రవారం పొద్దుగూకినంక

పంతులుగారికి, వెంకటనారాయణ.

మంచాలకు కష్టం లేదు, అది మా ఖాన్‌దానీ పని. కప్పు లేకపోవుడు మాత్రం కష్టం. ఇల్లు కిరాయిది.

ఇట్లు,
ఆలోచనల పడ్డ వెంకటనారాయణ

తా.క. నెత్తి మీద ఏమీ లేకుండ ఉండాల్నా, ఆకాశం కనబడితే చాల్నా?

* * *

కిషన్‌బాగ్, శనివారం పొద్దున

సేఠ్ గారికి, నిద్ర చాలని సదాశివ నమస్కారాలు.

“ఇల్లు కిరాయిది” అని ఒక్క మాటలో ఎంత వేదాంతం చెప్పారు! ఈ ఒంటిని నాది నాది అనుకుంటాం కాని, మనం కిరాయికి ఉన్నవాళ్లమే. ఆకాశం కనబడితే చాలు సేఠ్ గారూ, అంతకంటే ఏం కావాలి?

కాని కప్పు లేని కల కష్టమని మీరు రాసినప్పటినుంచి మనసు మనసులో లేదు. అనుకున్నంత అయింది, పీడకల వచ్చింది. ఆదివారం మీ కొట్టుకు వచ్చిన. లైట్లన్నీ వెలుగుతున్నయి. కొత్త పుస్తకాలు వరుసగా ఉన్నయి. మనిషి లేడు. పిలిచిన, పలికినవాడు లేడు. నా గొంతే అరల మధ్య తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

పీడకలను పారే నీళ్లకు చెప్పుకుంటే పోతుందంటారు. చెప్పుకుందామని పోతే ఇవ్వాళ నల్లా రాలేదు. అందుకే మీకు చెప్పుకుంటున్న.

ఇట్లు,
సదాశివ

తా.క. కోమలవల్లికి ఈ కల చెప్పలేదు. చెప్పకుండా చాయ్ తాగింది ఇదే మొదటిసారి. ఆమె అడగలేదు కాని చాలాసేపు నా ముఖం చూసింది.

* * *

అఫ్జల్‌గంజ్, శనివారం పొద్దుగూకినంక

పంతులుగారికి, వెంకటనారాయణ.

మీ ఉత్తరం చదివి మొదట పరేషాన్ అయిన. ఇన్ని చెప్పి, ఆఖరుకు కొట్ల మనిషే ఉండొద్దంటే ఎట్ల అని అన్నం సగంలనే ఆపిన. స్రవ్య కోపం చేసింది, నీకు నువ్వే లొల్లి పెట్టుకుంటున్నవ్ నాయినా అన్నది. ఆమెకేం తెలుసు? చెయ్యి కడుగుతుంటే తట్టింది నాకు. మీ రెండు కలలకు ఒక్కటే మందు ఉన్నది. అదేందో రాయను, వచ్చి చూడండి. ఇగ మీరు నిమ్మళంగ పండుకోండి.

ఇట్లు,
మీ మనసు తెలిసిన వెంకటనారాయణ

తా.క. మనిషి ఉండొద్దన్నరు గని, పావురాలు ఉండొచ్చు గద? అవి ఇప్పటికే వచ్చి ఉన్నయి.

* * *

కిషన్‌బాగ్, సోమవారం పొద్దున

సేఠ్ గారికి, ముఖం చెల్లక రాస్తున్న సదాశివ.

నిన్న నేను రాలేదు. ఏ సాకూ చెప్పను. నిద్రపోయిన. మీ ఆఖరి ఉత్తరంలో పావురాల మాట ఎందుకు రాశారో ఆలోచిస్తూ అన్నం తిని ఒరిగిన. కోమలవల్లి యాకుత్‌పురాలో చెల్లెలింటికి పోయొస్తనని అప్పటికే వెళ్లింది. లేపేవాళ్లు లేరు.

కలలో లేచి, ఇస్త్రీ జుబ్బా వేసుకుని, ఏదో ఆటో ఎక్కి మీ కొట్టుకు వచ్చిన. వాకిట్లో తెల్లగుర్రం, మెడలో చామంతి దండ, కుడికాలికి ఒంటి గజ్జె. ఏదో అట్టముక్క నముల్తున్నది. లోపల పుస్తకాల మీద పావురాలు. లైట్లన్నీ వెలుగుతున్నయి. మనిషన్నవాడు లేడు. నా కలలన్నీ కలిసి ఒక్కసారే వచ్చినయని అప్పుడే తెలిసిపోయింది. కలలో నిలబడి ఏం లాభం, పోయి మేల్కొంటే అసలు సభకు అందుకోవచ్చని గబగబా ఇంటికి వచ్చి, మంచం మీద పడుకుని గట్టిగా కళ్లు మూసుకున్న. తెరిచేసరికి సోమవారం.

ఒకరిద్దరు వచ్చి ఉంటే వాళ్లకు నా తరఫున చేతులెత్తి దండం పెట్టండి. ఎవరూ రాకపోయి ఉంటే మాత్రం నాకు చెప్పకండి. మిగిలిన పుస్తకాలు రాజన్న ఆటోలో వేయించండి. మళ్లీ ఎవరినీ రమ్మని అడగను.

ఇట్లు,
సదాశివ

తా.క. ఒక్కటి అంతుపట్టడం లేదు. నా చెప్పులకు గుర్రపు లద్దె అంటి ఉంది. మా గల్లీలో గుర్రం లేదు. కోమలవల్లిని అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

* * *

అఫ్జల్‌గంజ్, సోమవారం మధ్యాహ్నం

మా సదాశివ పంతులుగారికి, ఒక్కటే నవ్వుకుంట ఒక్కటే ఏడ్చుకుంట వెంకటనారాయణ రాసేది.

పుస్తకాలు వాపసు పంపలేను. మిగల్లేదు.

మీరు కల కనలేదు పంతులుగారు. మీరు నిజంగనే వచ్చిన్రు, చూసిన్రు, ఎల్లిపోయిన్రు. అప్పుడు మేమంత మీ నెత్తి మీదనే ఉన్నం. కప్పు లేకుండ మంచాలుండాలె, కొట్ల మనిషి ఉండొద్దు అంటే, మిద్దె తప్ప వేరే జాగ ఏది? మెట్లు పక్క గల్లీలకెల్లి ఉంటయి. “పైకి రండి” అని అట్ట మీద రాసి, దానికొక చామంతి దండ ఏసి వాకిట్ల నిలబెట్టిన. దండ కోసం గుర్రం ఆ అట్టను కూడ తిన్నది. నేను చేసిన తప్పల్ల, గుర్రాన్ని ఆకలి మీద పెట్టుడు.

జనం మాట చెప్త. గుర్రాన్ని చూసి ఎవరి పెండ్లి అని ఆగిన్రు. మంచాలున్నయంటే మెట్లెక్కిన్రు. బస్సు దొరకనోళ్లు, దవాఖానల చుట్టాన్ని చూసి అలిసిపోయినోళ్లు, గోదాముల మూటలు మోసి నడుము పట్టినోళ్లు. మంచాలు చాలక చాపలు పరిచినం. అందరు పండుకొని మీ కోసం చూసిన్రు. మీరు రాలే. స్రవ్య పుస్తకం తీసింది గని, అంతమంది ముందట చదువ సిగ్గుపడి మళ్ల మూసింది.

అప్పుడు ఆ మూల మంచం మీదికెల్లి ఒక పెద్దమ్మ లేచి కూసున్నది. “పుస్తకం అక్కర లేదు బిడ్డా, నాకు వస్తయి” అన్నది. మీ మొదటి కథ చెప్పుడు షురూ చేసింది. ఆమె కోమలవల్లమ్మగారు. యాకుత్‌పురా చెల్లెలు కూడ పక్క మంచం మీదనే ఉన్నది. పెండ్లయిన కాడికెల్లి పొద్దున పొద్దున విన్న కలలన్నీ ఒక్కటి పోకుండ ఆమె దగ్గర ఉన్నయి పంతులుగారు. మీరు రాయ మర్చిపోయినవి కూడ చెప్పింది. ఆమె చెప్తుంటే చుక్కలొచ్చినయి. ఒక్కొక్కరు ఆకాశం దిక్కు చూసుకుంట చూసుకుంట నిద్రపోయిన్రు. సభల నిద్రపోతే రాసినోళ్లకు నామోషీ అంటరు. మీ పుస్తకానికి అంతకంటె మర్యాద ఏమున్నది?

అయినంక అమ్మగారు నన్ను అడిగింది, ఈ గుర్రం ఏంది సేఠ్ అని. పంతులుగారు కోరుకున్నరు గద అన్న. ఆమె నవ్వి నవ్వి మంచం కోడు పట్టుకున్నది. కండ్లు తుడుచుకొని, “ఆయన పుట్టి బుద్ధెరిగినంక ఎవరినీ ఏదీ అడగలేదు. ఆయనకు నిజంగనే కలలొస్తయి” అన్నది. మా ఇంట్ల కల వచ్చిందంటే, కొనాలె అని అర్థం.

మంచాలు తియ్యలే. వచ్చే ఆదివారం కూడ ఉన్నదా అని అడిగి మరీ దిగిపోయిన్రు అందరు. ఈసారి రాజన్న మీ చెయ్యి పట్టుకొని మెట్లెక్కిస్తడు. మీరు మేలుకొని ఉన్నరా, కలల ఉన్నరా అన్న ఫికర్ మాకు వదిలిపెట్టండి. అమ్మగారి పక్క మంచం మీకే ఉంచిన, నవారు కొత్తది అల్లించిన.

ఇట్లు,
మిద్దె మీదికెల్లి, మీ వెంకటనారాయణ

తా.క. మా అమ్మ పొద్దున చాయ్ తాగుకుంట చెప్పింది, రాత్రి కలల ఆ తెల్లగుర్రం ఎక్కి చార్మినార్ దాక పోయొచ్చిందట. ఆమెకు ఎనభై దాటినయి. ఇది మీ ఇంటి తీరు కలనో, మా ఇంటి తీరు కలనో నాకిప్పుడు తెలుస్తలేదు. ఎందుకైనా మంచిదని గుర్రాన్ని వాపసు పంపలే.