రంగు కింద రేకు

వినుకొండ, 21-2-1961, మంగళవారం

నాన్న వదిలిపోయిన కారుకి గుంటూరు షెడ్డులో రంగు కొట్టించే స్తోమత నాకు లేదు. అందుకే ఎడ్లబండ్లకి రంగులేసే మస్తాన్‌తో బ్రష్షు పని మాట్లాడుకున్నాను. పత్తి కొట్టంలో పెడితే తడి రంగుకి నూగు అంటుకుంటుందని కారుని మా చావిట్లోకి తోయించాడు.

ఈ పొద్దున పాత రంగు గీకుతుంటే వెనక తలుపు కింద రేకులోకి అతని కత్తి పిడి దాకా దిగిపోయింది. లోపల చాప ఎత్తి చూస్తే సీటు కింద కూడా అంతే, తుప్పే. రెండేళ్ళు ఈ కారులోనే కొత్తపట్నం నుంచి ఉప్పుచేపల బుట్టలు తెచ్చాను. బుట్టల్లోంచి కారే ఉప్పునీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కనాడూ చూడలేదు.

మస్తాన్ నవ్వాడు. "చేపల్ని మనం తిన్నాం, కారుని ఉప్పు తిన్నదండీ. పుట్టీ పెట్టి రంగేస్తే పెళ్ళికొడుక్కి కూడా తెలీదు."

"బరువు ఆగుద్దా?"

"రంగు సంగతి నన్నడగండి. బరువు సంగతి నాకేం తెలుసు?"

సోమవారం సుబ్బయ్యగారబ్బాయి పెళ్ళి ఊరేగింపు ఈ కారులోనే. కొత్త దంపతులు కూర్చునేది ఆ సీటు మీదే. రేకు మార్పిస్తే రంగుకి డబ్బు మిగలదు. అతుకుల కారుని ఆయన వద్దంటాడు. ఈ బేరం పోతే మిగతా పెళ్ళిళ్ళవాళ్ళూ రారు.

సాయంత్రం ఆయనే ఎదురై, "కారు అద్దంలా మెరవాలయ్యా" అన్నాడు. తల ఊపాను.

బాజాల మధ్య, నడిబజారులో ఆ రేకు ఊడిపోతే...

పుట్టీ వద్దు, రేకే మార్పిస్తానని మస్తాన్‌కి కబురు పంపాను. సుబ్బయ్యగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.