శుక్రవారం నేను వెళ్ళలేదు

ప్రియమైన నీకు,

దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వూ, బాలింత అమ్మాయీ, ఆ పసిగుడ్డూ బాగున్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. నా సంగతి క్షేమం అని అలవాటు కొద్దీ రాశాను. అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. వంట నేనే చేసుకుంటున్నాను. అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. చర్చి పైకప్పు కారడం లేదు, మన సంఘపెద్ద వడ్రంగి ఎక్కి రేకు మార్చాడు. పసివాడికి నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం, వాడేం చేశాడని.

చివర్లో "డాక్టరుగారు ఎలా ఉన్నారు? వేళకు తింటున్నారా? ఆయనకు ఒళ్ళు చూసుకునే తీరికే ఉండదు" అని రాశావు. నా మోకాలికి ఒక్క ముక్క, ఆయన తిండికి మూడు. ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. నవ్వకు. నిజంగానే ఒళ్ళు మండింది.

నీకు తెలియనిదేముంది. మసీదు కమిటీకి అధ్యక్షుడు ఆయనే. అన్ని మతాలవాళ్ళనీ నెలనెలా తన ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టే స్నేహ సంఘానికి పెద్దా ఆయనే. పిల్లల టీకాలు మన చర్చి హాల్లో, ముసలివాళ్ళ కంటి పరీక్షలు మసీదు వరండాలో జరగాలని పట్టుబట్టి జరిపించిందీ ఆయనే. మంచి పనులే, కాదనను. కానీ మనవాళ్ళు ఏ మాట వచ్చినా "డాక్టరుగారిని అడిగి చెప్తాం" అంటారు. వడ్రంగి కొడుకులిద్దరూ కొట్లాడుకుంటే చెప్పులరిగేలా తిరిగి నచ్చజెప్పింది నేను. ఆయన ఇద్దరికీ బీపీ చూస్తూ ఏదో అన్నాడట, కలిసిపోయారు.

మన పెళ్ళిలో పాడిన పాటల టీచరమ్మ మంచాన పడిందని రాశాను కదా. ఒక సాయంత్రం బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళాను. "ఏ అధ్యాయం చదవమంటావమ్మా" అన్నాను.

"ఇందాకే అయిందండి. డాక్టరుగారు చదివి వెళ్ళారు" అంది.

"ఏ డాక్టరుగారు?"

"మన డాక్టరుగారే. సూది వేయడానికి వచ్చారు. నాకు అక్షరాలు ఆనడం లేదంటే నా బైబిలు తీసి చదివారు. ఒక్కో మాటా ఆగి ఆగి చదువుతారు. మీరు కాస్త తొందరపడతారండి."

ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, అదే అధ్యాయం పైకి చదివి చూసుకున్నాను. నిజమే, నేను తొందరపడతాను. తన గ్రంథం తనకుంది, తన మసీదు తనకుంది, నాకున్న ఈ ఒక్క పనీ ఆయనకెందుకు అనిపించింది. ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ తరువాతి వారం మసీదు తలుపు మీద ఎవరో తారు పూసిపోయారు. గోడ మీద రాయకూడని మాటలు రాశారు. డాక్టరుగారు స్వయంగా కిరసనాయిలుతో తోమి, ఆ నల్లచేతులతోనే మనింటికొచ్చాడు.

"మావాళ్ళు పిల్లల్ని నమాజుకు తీసుకురావడానికి భయపడుతున్నారండి. శుక్రవారం నమాజు అయ్యేదాకా బయట అందరూ నిలబడితే వాళ్ళకు ధైర్యం వస్తుంది. అడిగి పరువు తీసుకోవద్దు, ఎవరూ రారు అని మా కమిటీ పెద్దలు అంటున్నారు. పాస్టరుగారు వస్తారని నేను మాటిచ్చేశాను. ఆదివారం చర్చిలో మీరు ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

"దానికేం, చెప్తాను" అన్నాను.

చెప్పలేదు. ఇంతసేపూ ఆ కబురూ ఈ కబురూ రాస్తూ దాటేస్తున్నది ఇదే. ప్రసంగం అయిపోయింది, ప్రకటనల వేళ వచ్చింది, అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన పేరెత్తితే ఆ ముఖాలు ఎలా వెలుగుతాయో నాకు తెలుసు. నా ప్రసంగానికి ఎన్నడూ అలా వెలగలేదు. గొంతుదాకా వచ్చిన మాట మింగేసి, ఆఖరి పాట ఎత్తుకోమన్నాను.

శుక్రవారం వంటింటి కిటికీలోంచి చూస్తే వీధి నిండా మనవాళ్ళే, మసీదు వైపు పోతున్నారు. మందుల కోసం వచ్చినవాళ్ళు ఆయన నోటే విని, ఒకరికొకరు చెప్పుకున్నారట. వడ్రంగి కిటికీ దగ్గర ఆగి, "మీరు ముందే వెళ్ళిపోయారనుకున్నామండి" అన్నాడు.

"మీరు పదండి, వస్తున్నా" అన్నాను.

నేను లేకపోయినా నా సంఘం కదిలింది. ఆ ఉక్రోషంతో గడప దాటలేదు. పూజారిగారు సైతం ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డారట. రానివాణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం డాక్టరుగారు బ్యాగుతో వచ్చాడు. "ఒంట్లో బాగాలేదా? మీరు రాలేదంటే జ్వరమేమో అనుకున్నాను" అంటూ నా చేతికి బీపీ పట్టీ చుట్టాడు. ఆ మాటతో నాకు దాక్కునే చోటు లేకుండా పోయింది.

"జబ్బేమీ లేదు డాక్టరుగారూ. ఆదివారం నేను చెప్పనే లేదు. మీరంటే నాకు కుళ్ళు" అన్నాను.

గాలి కొట్టడం ఆపి నా ముఖంలోకి చూశాడు. నవ్వి తేల్చేస్తాడనుకున్నాను. నవ్వలేదు.

"నమాజు మొదలైపోతున్నా మీ కోసం తలుపు దగ్గరే నిలబడ్డాను. మీ పాస్టరు ఏడీ అని మా కమిటీలో బట్టల కొట్టు పెద్దాయన అందరి ముందూ అడిగాడు" అన్నాడు. మళ్ళీ గాలి కొట్టి, ముల్లు చూసి, "బీపీ ఎక్కువగానే ఉంది. దీనికి మాత్ర రాస్తాను. రెండోదానికి నా దగ్గర మందు లేదు" అన్నాడు. టీ పెడతానన్నా ఉండలేదు.

నిన్న మళ్ళీ శుక్రవారం. ఒక్కణ్ణే వెళ్ళి మసీదు బయట నిలబడ్డాను. ఆ బట్టల కొట్టు పెద్దాయనే ఎదురొచ్చి, "ఇవాళ కార్యక్రమం ఏమీ లేదండి" అన్నాడు.

"తెలుసు. పోయినవారం రావలసింది, ఇవాళ వచ్చాను."

ఎందుకని అడగలేదు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి నీడలో వేసి నమాజుకు వెళ్ళాడు. అయ్యాక వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పనా? మా డాక్టరు నోరు తెరిస్తే పాస్టరుగారు ఇలా అన్నారు, పాస్టరుగారు అలా చేశారు అంటాడు. మేం ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరోజూ మమ్మల్ని అంత మెచ్చుకోలేదు. పోయినవారం మీరు రాకపోయేసరికి, ఉన్నమాట చెప్పాలంటే, నాకు లోపల్లోపల హాయిగానే అనిపించింది."

నాకు కోపం రావాలి. రాలేదు. డాక్టరు నా గురించి ఏమేం చెప్పాడో ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాను. ఆయనా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

డాక్టరుగారు అందరికంటే వెనక బయటికొచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి, "మాత్ర వేసుకుంటున్నారా?" అన్నాడు. వేసుకుంటున్నానన్నాను. "ఉప్పు తగ్గించండి" అని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మునుపటిలా భుజం మీద చెయ్యి వేయలేదు. నాకది దక్కవలసిందే.

రేపు ఆదివారం. నేను దాచిన మాటేమిటో, ఎందుకు దాచానో సంఘం ముందు చెప్పబోతున్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది అయిపోయి ఉంటుంది. పదిమంది నోటా వినకముందే నా చేత్తో నీకు రాయాలనుకున్నాను. నువ్వు ఏమనుకున్నా దాచకుండా రాయి.

ఒక్కటే బెంగ. నేనంతా చెప్పి తల వంచుకుని నిలబడితే వడ్రంగి లేచి, "అయ్యో, మీకు ఒంట్లో బాగాలేక రాలేదని డాక్టరుగారు ఆ రోజే మా అందరికీ సర్దిచెప్పారండీ" అంటాడేమో. ఆ మనిషి అంతపనీ చేసే ఉంటాడు. అప్పుడు కూడా మంచివాడు ఆయనే అవుతాడు. అది తలుచుకుంటే ఇప్పట్నుంచే కుళ్ళుగా ఉంది. అయినా చెప్తాను.

ఇట్లు,
మనవణ్ణి ఇంకా ఎత్తుకోని తాత,
నీ భర్త.