పేజీ తిప్పే ముందు దగ్గు

అమ్మకి,

నీ కొడుకు రమణ దండాలు పెట్టి రాసేది. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? నాయన వేళకి తింటాండాడా? ఇక్కడ మేమందరం బాగుండాం. నిజంగానే బాగుండాం, దిగులు పడొద్దు.

పొద్దున్నే రెడ్డియార్‌పాళయంలో బండ్ల షెడ్డుకి పోతా ఉండా. ఉక్క చంపుతాంది. సాయంత్రం కురుచికుప్పంలో బావ ఇంటికి వస్తే సముద్రం గాలి, అదొక్కటే సుఖం. ఈ అరవ ఊళ్ళో సాంబారు తిని తిని నోరు చచ్చింది. గోంగూర పచ్చడి పంపు.

ఫోన్లో అయితే అరుస్తానని రాస్తా ఉండా. "అక్కే పోయినాక ఇంక ఇంట్లో పాఠాలేంది, పిల్లల్ని హాస్టల్లో వెయ్యండి" అన్నావే, నాకు ఒళ్ళు మండింది. అక్క పిల్లల్ని బడి మానిపించి కథల పుస్తకాలతోనే చదివించింది. ఒక కథ చదవడం, పుస్తకం మూయడం, పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పడం. కథలో ఓడ యాడికి పోయిందో పటంలో వెతకడం. లెక్కలు కూడా ఆ ఓడలో బియ్యం మీదనే. పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నోణ్ణి, దాని విలువ నాకు తెలుసు. బావకి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. అందుకే గదా నేను వచ్చింది.

నీకు చెప్పంది ఒకటుంది. పెద్దది నందిని ప్రతి పేజీ తిప్పే ముందు దగ్గుతాది. రెండు దగ్గులు, ఒక గుటక, అప్పుడు తిప్పుతాది. డాక్టరు ఛాతీ బాగుందన్నాడు. "ఎందుకే దగ్గేది?" అంటే, "చదవడమంటే అట్లే గదా మామా" అనింది. అక్క జబ్బులో దగ్గుతానే చదివి వినిపించింది. పిల్ల అదీ పాఠమే అనుకునింది. కళ్ళు మూసుకుంటే అచ్చం అక్కే.

ఆదివారం తట్టుకోలేకపోయినా. "ఇంకోసారి దగ్గితే పుస్తకం సముద్రంలో పారేస్తా!"

"బిడ్డని ఎందుకప్పా బెదిరిస్తావు?" అన్నాడు బావ వాకిట్లో నుంచి.

నందిని దగ్గు బిగబట్టి చదివింది. పేజీ చివరికి వచ్చింది. దగ్గలేదు. తిప్పనూ లేదు. చిన్నది వాకిలి వైపు చూసి, "అమ్మ వెళ్ళిపోయిందా మామా?" అనింది.

అమ్మా, నేనే దగ్గినా. రెండు దగ్గులు, ఒక గుటక. అప్పుడు నందిని పేజీ తిప్పింది.

హాస్టలు మాట ఇంక ఎత్తొద్దు. నాయనకి, పెద్దమ్మకి నా దండాలు. నన్ను తిట్టుకున్నా సరే, పిల్లల్ని మాత్రం మనసారా దీవించు. అక్క పెట్టెలో కథల పుస్తకాలు ఏమన్నా మిగిలుంటే పచ్చడితో పాటు పంపు. ఉన్న పుస్తకం అయిపోవస్తాంది.

నీ
రమణ