దొరగారికి వైద్యం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ ఆయనా, దొరా ముగ్గురం క్షేమం. ఆ మూడో పేరు ఇంత ధీమాగా రాయగలిగే రోజు వచ్చేదాకా కలం పట్టుకోలేదు. అందుకే పోయిన వారం మీ కొండకి వచ్చే సామాన్ల బండిలో నీకు నా ఉత్తరం రాలేదు. బండి ఉత్తరం లేకుండా వచ్చిందని మనసులో ఏవేవో ఊహించుకుని ఉంటావు. నీ ఊహ పూర్తిగా తప్పు కాదు. కూర్చుని నిదానంగా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు బాగానే ఉంది, మెట్లు దిగేటప్పుడు మాత్రం తనొకటి ఉందని గుర్తు చేస్తుంది. మీ ఆయన వేళకి తింటున్నాడా అన్నావు. వంట తనే చేస్తున్నాడు కాబట్టి తినక తప్పడం లేదు. నాకూ తప్పడం లేదు. నువ్వు తవ్విస్తున్న సొరంగంలో బూట్లలోకి నీళ్లు పోతున్నాయన్నావు. స్టోరు గుమాస్తాని మర్యాదగా అడగడం మానెయ్యి. కొత్త జత ఇచ్చేదాకా వాడి బల్ల ముందు నుంచి కదలకు.

ఇక దొర ఏమైనా మాట్లాడుతున్నాడా అని అడిగావు కదా, ఆ సంగతికే వస్తున్నాను.

పెళ్లయి ఈ ఇంటికి వస్తూ నువ్వు ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో పంజరం పట్టుకుని దిగిన రోజు నాకు నచ్చలేదు. కోడలితోపాటు ఈ నీలం రంగు బుల్లి చిలుక కూడానా అనుకున్నాను. ఛాతీ ముందుకు పెట్టుకుని, గింజలు ఆలస్యమైతే గిన్నె బోర్లించే ఆ దర్జా చూసి దొర అని పేరు పెట్టింది మాత్రం నేనే. నువ్వు కొండల్లోకి వెళ్లాక ఇంట్లో పగలంతా మేమిద్దరమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరయినదాన్ని, గొంతు ఊరుకోదు. రోజూ పంజరం దగ్గర కూర్చుని 'హలో, ఎవరు కావాలండీ' అని నేర్పించాను. అద్దం వేలాడదీశాను, తోడుగా ఉంటుందని. ఒక్క ముక్క రాలేదు. మొద్దు అని తిట్టాను కూడా.

పోయిన మంగళవారం పొద్దున పంజరం మీది తువ్వాలు తీశాను. మామూలుగా అయితే పైకర్ర మీద నుంచి గోల మొదలుపెట్టాలి. చప్పుడు లేదు. వంగి చూస్తే అడుగున కాగితం మీద ఒక మూలకి ఒదిగి ఉన్నాడు. ఈకలన్నీ ఉబ్బించుకుని దూది ఉండలా అయిపోయాడు. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందకీ పైకీ ఊగుతోంది. వేలు పెట్టాను. ఎక్కబోయి, ఎడమకాలు పట్టు దొరక్క జారి పక్కకి పడ్డాడు. ముందురోజు సాయంత్రం నా కళ్లజోడు మీద నిలబడి జుట్టు పీకినవాడే.

మీ ఆయన కంపెనీ పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వు కంగారు పడకు. సాయంత్రం దాకా చూద్దాం" అన్నాడు.

"చూడ్డానికి సాయంత్రం దాకా వాడుండాలి కదరా" అని పెట్టేశాను.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. అడిగిన నంబరులో మనిషి దొరక్కపోతే ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడో తెలిసినవాళ్ల నంబరు పట్టుకోవాలి. ఇంకో నంబరు రాబట్టకుండా ఫోను వదలకూడదు. కుర్చీ పంజరం పక్కకి లాక్కుని మొదలుపెట్టాను.

పశువుల ఆస్పత్రిలో ఎవరో విసుగ్గా ఎత్తారు. "ఆవా, కుక్కా?"

"చిలుక. చిన్నది."

"చిలకల్ని చూడమమ్మా."

"మరి ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు."

"ఊళ్లో అందర్నీ అడిగే చెప్తున్నారా నాయనా?" అన్నాను. అతను పిట్టలమ్మే కొట్టు నంబరు ఇచ్చాడు.

ఆ కొట్టాయన నింపాదిగా విన్నాడు. "అవంతేనమ్మా. పొద్దున బాగుంటాయి, సాయంత్రానికి ఉండవు. అచ్చం అదే రంగుది ఇంకోటి ఉంది, ఉంచమంటారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ కోపంతో ఫోను పెట్టేస్తే నష్టం నాదే. "ఇంకోటి వద్దు, నాకిదే కావాలి. మీరు దాణా ఎక్కడ తెప్పిస్తారో ఆ నంబరు చెప్పండి" అన్నాను. దాణా కంపెనీ వాళ్ల ద్వారా కోళ్ల ఫారాలకి తిరిగే డాక్టరు దొరికాడు. ఆయన మాట కంటే వెనక కోళ్ల అరుపులే ఎక్కువ వినిపిస్తున్నాయి.

లక్షణాలన్నీ విని ఆయన ఒక వింత ప్రశ్న వేశాడు. "ముక్కు మీద, రంధ్రాలున్న చోట తోలు ఏ రంగులో ఉంది?"

"గోధుమరంగు. ఈ మధ్య బాగా ముదిరింది."

"తోక కింద పొట్ట వాచినట్టుందా?"

కళ్లజోడు సర్దుకుని చూశాను. "ఉందండీ."

"అమ్మా, మగపిట్టకి అక్కడ నీలంగా ఉంటుంది. మీ దొర దొర కాదు, దొరసాని. గుడ్డు లోపల ఇరుక్కుపోయింది. దాన్ని బయటకి తోయలేక ఆయాసపడుతోంది."

మగపిట్ట అని అమ్మినవాడు నీకు అంటగట్టాడు, నువ్వు నమ్మావు, ఇన్నాళ్లూ నేను దొరా దొరా అని పిలిచాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. "కోడి అయితే నేనే చూసేవాణ్ణి. ఇంత చిన్న ప్రాణం మీద చెయ్యి వెయ్యను. ఏటి అవతల పిట్టల డాక్టరమ్మ ఉంది, నంబరు రాసుకోండి. పొట్ట మాత్రం నొక్కొద్దు. వెచ్చగా ఉంచి వెంటనే బయల్దేరండి, సాయంత్రం అనుకోవద్దు" అన్నాడు.

నీ పాత బూట్ల అట్టపెట్టె తీసి, అల్లిక సూదితో చిల్లులు పొడిచాను. వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి లోపల పెట్టి, దాని పక్కన దొరసానిని పడుకోబెట్టాను. చేతిలో గుండె దడదడలాడుతోంది. దానిదో నాదో తెలియలేదు. ఆ రోజు డ్రైవర్ల సమ్మె. బస్సుల్లేవు, టాక్సీల్లేవు. అయినా వెళ్లాను. ఎలా వెళ్లానని ఇప్పుడు అడక్కు, తర్వాత రాస్తాను.

డాక్టరమ్మ వైద్యశాల ఆవిడ ఇంటి ముందు గదుల్లోనే. నాకంటే ముందు వచ్చినాయన ఒళ్లో బాతుని పెట్టుకుని కూర్చున్నాడు. నా పెట్టెలోకి తొంగి చూసి, బాతుని ఎత్తుకుని నాకు దారిచ్చాడు.

ఆవిడ మాట తక్కువ మనిషి. వేలి కొసతో పొట్ట తడిమి చూసి, కాల్షియం సూది వేసి, ఆవిరి పట్టిన అద్దాల పెట్టెలో ఉంచింది. "కాసేపు చూద్దాం. దానంతట అది వస్తే అదృష్టం" అంది. అద్దం దగ్గర మొహం పెట్టి కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక పాత అలవాటు కొద్దీ "లైన్లో ఉండు తల్లీ, కలుపుతున్నాను, లైన్లో ఉండు" అంటూ ఉండిపోయాను. బాతు ఆయన విన్నాడు. విననీ అనుకున్నాను.

గుడ్డు రాలేదు. తోక ఊగడం ఇంకా ఎక్కువైంది.

డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది. "మత్తు ఇచ్చి, సూదితో గుడ్డులోని నీరు లాగేసి, పెంకు నలిపి బయటకి తియ్యాలి. ఇంత చిన్న ఒళ్లు మత్తుకి తట్టుకోకపోవచ్చు. ఊరుకుంటే మాత్రం తప్పకుండా పోతుంది. పిట్ట మీదేనా?"

"మా కోడలిది."

"ఆమెని ఒక మాట అడుగుతారా?"

"కొండ లోపల సొరంగం తవ్విస్తోందండీ. అక్కడికి ఫోను అందదు."

"అయితే మీరే చెప్పాలి."

నిజం చెప్తున్నాను, ఆ పిట్ట నాదే అయితే అంత భయపడేదాన్ని కాదు. నువ్వు నమ్మి నా చేతిలో పెట్టి వెళ్లావు. నేను సరేనన్నాక అది పోతే ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలి? వద్దని ఒళ్లో పెట్టుకుని ఇంటికొస్తే, అది పోయేదాకా చూస్తూ కూర్చోవాలి. అది నావల్ల కాదు. "చెయ్యండి" అన్నాను. గొంతు వణకనివ్వలేదు, నా గొంతు వణికితే ఆవిడ చెయ్యి వణుకుతుందేమోనని.

తలుపు వేసుకుంది. ఆ తలుపు రంగు, దాని మీద గీతలు, పిడి దగ్గర మరక అన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు. తలుపు తీశాక పిలిచి చూపించింది. పళ్లెంలో నలిగిన కాగితంలాంటి పెంకు. పక్కన తువ్వాలు మీద దొరసాని బల్లపరుపుగా పడుంది. మొహం దగ్గర సన్నటి గొట్టంలోంచి గాలి వదులుతున్నారు. చాలాసేపు కదలిక లేదు. తర్వాత ఒక కన్ను తెరిచింది. డాక్టరమ్మ దాని ముక్కు తుడవబోతే, తలెత్తి ఆవిడ వేలు గట్టిగా కొరికింది.

"ఇక ఫరవాలేదు" అంది ఆవిడ, వేలు చప్పరించుకుంటూ.

నేను అప్పుడు ఏడ్చాను. బాతు ఆయన జేబురుమాలు ఇచ్చాడు.

ఇక నుంచి ఒట్టి గింజలు పెట్టకూడదట. ఆకుకూరలు, కొరుక్కోవడానికి పిట్టల కొట్లో దొరికే సుద్దలాంటి ఎముక పెట్టాలి. అద్దం తీసెయ్యాలి, అందులో కనిపించేది జత అనుకుని గుడ్లు పెడుతుందట. చీకటి పడగానే దీపం ఆర్పి పడుకోబెట్టాలి. మాటలు రావేమండీ అని అడిగితే, ఆడపిట్టలు మగపిట్టల్లా మాట్లాడవు అంది. మా ఇంట్లో అలాంటి ఆడవాళ్లని చూడటం ఇదే మొదటిసారి అన్నాను. ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడే.

తలుపు దాకా వచ్చి మళ్లీ హెచ్చరించింది. కడుపులో ఇంకో గుడ్డు తయారవుతోంది, రెండు మూడు రోజుల్లో రావచ్చు. అదీ ఇరుక్కుంటే ఈ ఒళ్లు ఇంకోసారి మత్తుకి తట్టుకోదు. అందుకే, కోడలా, నేను నీకు రాయలేదు. బతికిందని రాసి, ఆ ఉత్తరం నీకు చేరేలోపు పోతే?

పంజరం నా మంచం పక్కన పెట్టుకున్నాను. ఆకులు సన్నగా తరిగి వేళ్లతో తినిపించాను. మొదట నా మొహాన ఉమ్మింది, తర్వాత తింది. మీ ఆయన ఊరి నుంచి వచ్చి, పంజరం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "దొరసానిగారూ, ఇన్నాళ్లూ పొరపాటైంది" అని చెప్పాడు. శుక్రవారం పొద్దున అది మళ్లీ అడుగుకి దిగి మూలకి చేరింది. తోక ఊగడం మొదలైంది. డాక్టరమ్మ నంబరు నొక్కడానికి సిద్ధంగా పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాను. ఒకసారి ఒళ్లంతా బిగబట్టింది. కాళ్ల మధ్య తెల్లగా, గోలీకాయంత గుడ్డు. పక్కింటివాళ్లది ఇక్కడ ఎవరు పెట్టారన్నట్టు దాన్ని ఎగాదిగా చూసి, గింజల గిన్నె దగ్గరికి వెళ్లిపోయింది. నేను వెంటనే కాగితం తీసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ రోజు ఎలా వెళ్లానన్నది. నీ స్కూటరు మీద వెళ్లాను.

నువ్వు నేర్పిస్తానన్నప్పుడు ఈ వయసులో నాకెందుకన్నాను. నువ్వు వెళ్లాక పక్కింట్లో పార్సిళ్లు పంచే పిల్లని బతిమాలి, మూతపడిన మిల్లు ఆవరణలో పొద్దున్నే నేర్చుకుంటున్నాను. మీ ఆయనకీ చెప్పలేదు. లెర్నింగ్ లైసెన్సు ఉంది కానీ, ఒంటరిగా రోడ్డెక్కకూడదు. ఆ పిల్ల పనికి వెళ్లిపోయింది. పెట్టెని శాలువాతో కడుపుకి కట్టుకుని, వంతెన మీదుగా సైకిళ్లు కూడా నన్ను దాటిపోయేంత వేగంతో వెళ్లాను. డాక్టరమ్మ గేటు తగిలి ఎడమ అద్దం విరిగింది. కొత్తది వేయించాను. చేసింది తప్పేనని తెలుసు. మళ్లీ అలా వెళ్లకుండా ఉండాలని, ఈ ఉత్తరం మధ్యలో ఆపి, నిన్ననే పరీక్షకి వెళ్లి పాసయ్యాను.

ఇంకో మాట. నువ్వు నాకు రాయలేదు, మీ ఆయన నోరు జారాడు. రెండో సొరంగం మొత్తం నీ చేతికిస్తామన్నారట. ఇంకో ఏడాది అక్కడే ఉండాలి కాబట్టి, అత్తయ్య పగలంతా ఒక్కర్తే ఉంటుందని వద్దందామనుకుంటున్నావట. ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. నీకెందుకు దాచాలి? నువ్వొచ్చేస్తావు, ఇల్లు కళకళలాడుతుంది అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచాక సిగ్గేసింది. నా వంకతో నీ పని ఆపుకోవద్దు. నాకు నువ్వు లేని వెలితి ఉంది, ఉంటుంది. వెలితి ఉన్నంత మాత్రాన నేనేం పడిపోవడం లేదు. ఈ ఉత్తరం తెచ్చిన బండి తిరిగి వెళ్లేలోపు ఒప్పుకుంటున్నానని పై అధికారికి చెప్పెయ్యి. సెలవు దొరికినప్పుడు రా, చాలు.

రేపు దొరసానిని మళ్లీ చూపించాలి. నేను తీసుకెళ్తానులే అమ్మా అన్నాడు మీ ఆయన. అక్కర్లేదన్నాను. కావాలంటే పెట్టె పట్టుకుని వెనక కూర్చోమన్నాను. హెల్మెట్ వెతుక్కోవడానికి వెళ్లాడు.

ఇట్లు,
నీ స్కూటరు తాళం ఇప్పట్లో తిరిగివ్వని
నీ అత్తయ్య