పక్కింటి వైపు గోడ

హాలిఫాక్స్, జనవరి

డోరా అక్కయ్యా,

బతికే ఉన్నాం, చలితో మాత్రం విసిగిపోయాం. గది వెచ్చబెట్టే రేడియేటర్ల వెనక, వేడిని గోడలోకి పోనివ్వకుండా గదిలోకే తిప్పికొట్టే తళుకు రేకులు అంటించడం దండగా కాదా అని అడిగావు. వీధి వైపు గోడకు పెడితే గది నిజంగానే వెచ్చబడింది. ఆశ పుట్టి, పక్కింటితో ఉన్న ఉమ్మడి గోడకూ అంటించాను. మర్నాడే పక్కింటి ముసలాయన ఈనాక్ మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా విన్నీ, మీ రేడియేటర్ గానీ చెడిపోయిందా? నా కుర్చీ వెనక గోడ మంచుగడ్డయిపోయింది!"

ఇన్నాళ్లూ మా వెచ్చదనంతోనే నెట్టుకొస్తున్నాడన్నమాట. ఓపిక లేకపోయినా ఆ రేకు పీకేశాను. నువ్వు బయటి గోడలకే పెట్టుకో. అమ్మ ఉన్ని దుప్పటి నీ దగ్గరుంటే పంపు. బావ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ముద్దులు.

ఇది రాస్తుంటే, ఈనాక్ కుర్చీని మళ్లీ మా గోడ దగ్గరికి ఈడ్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

నీ విన్నీ