కాసులపేరు పోయిన వైనం

రామచంద్రపురం,
25-11-1981.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లి రామతులసికి,

అక్క రత్నమాణిక్యం దీవెనలు. మేమిక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఆ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం మనకి చేతకాదు కనక, క్షేమమే. మరిదిగారు, అమ్మాయి మీనాకుమారి కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీనాకి నెలలు నిండుతున్నాయి, మేడమెట్లు ఊరికే ఎక్కి దిగనివ్వకు.

నీ ఉత్తరం అందింది. అమ్మ కాసులపేరు మనిద్దరిదీను. ఎవరింట శుభకార్యమైతే వాళ్ళు వేసుకోవాలనీ, మిగతా రోజులు పెద్దదాని పెట్టెలో ఉండాలనీ అమ్మ చెప్పి పోయింది. ఆ మాట ప్రకారం మీనా సీమంతానికి అడిగితే, సినిమా వాడెవడో పట్టుకుపోయాడని చెప్పడానికి సిగ్గు లేదా అని రాశావు. సిగ్గుంది. ఇక మా గడప తొక్కనని కూడా రాశావు. మీ బావగారికి అక్షరాలు ఆనడం లేదు కదా, చదివి వినిపించమన్నారు. ఆ ఒక్క వాక్యం మింగేద్దామనుకున్నాను. కింది వరసకి దూకేశాను, ఆయనకి తెలిసిపోయింది.

జరిగింది జరిగినట్టు రాయమని పక్కనే కూచున్నారు. రాస్తున్నాను.

మీ బావగారు ముప్పై ఏళ్ళు ఇక్కడి సినిమా హాల్లో ఆపరేటరుగా చేశారని నీకు చెప్పేదేముంది! ఏ సినిమాకైనా మిషను తిప్పేవారు గానీ, టోపీలు వేసే మోసగాళ్ళ సినిమా వస్తే మాత్రం ఆయనకి పండగే. మిషను పక్కన కంతలోంచి తెర కంటే జనాన్నే ఎక్కువ చూసేవారట. మోసగాడు సూటు తొడుక్కుని, జమీందారు మేడలోకి అల్లుడిలాగా నడిచి వెళుతుంటే నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలు. ఎందుకంటావే అని నన్నడిగి, ఆయనే చెప్పేవారు. సినిమాలో దొంగ మనకి ముందే చెప్పి మోసం చేస్తాడే, మనల్ని వాటాలో కలుపుకుంటాడు, మోసపోయేవాడేమో ఎప్పుడూ మనకి పడనివాడే, పగలంతా ఎవడెవడి చేతిలోనో మోసపోయి వచ్చినవాళ్ళకి ఆ రెండున్నర గంటలు ఎంత హాయో చూడు అనేవారు.

నేనూ ఆడవాళ్ళ బెంచీలో కూచుని చూసినదాన్నే. నాకు నచ్చింది వాళ్ళ తెలివి కాదు. ఎన్ని వేషాలు మార్చినా, ఎంత పరిగెత్తినా వాళ్ళ మొహాన అలసట కనపడదు. అది చూసి ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేదాన్ని.

హాలు చేతులు మారాక, కళ్ళు మందగించాయని ఆయన్ని మాన్పించేశారు. అప్పట్నుంచీ వీధరుగే ఆయన లోకం. పలకరించే నాథుడు లేడు.

దీపావళి వెళ్ళిన వారానికి నాగేశ్వరప్రసాద్ అని ఒకడు వచ్చాడు. మద్రాసు మెయిల్లో వచ్చి ఇప్పుడే రాజమండ్రిలో దిగి తిన్నగా వస్తున్నానండీ, మోసగాళ్ళ కథ తీస్తున్నామండీ, ఆపరేటరు చంద్రరావు గారిని అడక్కుండా కెమెరా పెట్టొద్దని డైరెక్టరు గారు చెప్పారండీ అన్నాడు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పొట్లం. మనవాళ్ళ సంగతి నీకు తెలుసుగా. ఒక పూట అన్నం పెట్టాక ఆ మనిషిని నువ్వెవరివి, రుజువేదీ అని అడగం. అడిగితే మర్యాద తక్కువ. వాడు తొమ్మిది రోజులు తిన్నాడు. కంద బచ్చలి కూర ఇంకాస్త వెయ్యండమ్మా అని అడిగి మరీ తిన్నాడు.

ఆ తొమ్మిది రోజులూ మీ బావగారు గెడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వాడికి సీన్లు కల్పించి చెప్పారు. మోసగాడెప్పుడూ నగ అడక్కూడదండీ, ఇంటివాళ్ళే బతిమాలి చేతిలో పెట్టాలండీ, అప్పుడే ఈలలు పడతాయండీ అన్నారు. వాడు బుద్ధిగా రాసుకున్నాడు. తొమ్మిదో రోజున, తల్లి వేషానికి పాతకాలపు కాసులపేరు దొరక్క షూటింగు ఆగిపోయిందండీ అని తల పట్టుకు కూచున్నాడు. అడగలేదు. మీ బావగారే పెట్టె తీసి, రెండు రోజుల్లో తెచ్చేయండి అని చేతిలో పెట్టారు. మళ్ళీ వాడి జాడ లేదు.

ఇప్పుడు ఆయన కంచం ముందు కూచుంటారు, తినరు. వచ్చే నెల అయిదున కాకినాడలో కంటి శిబిరం ఉంది. ఆపరేషనైన కంటికి ఇంకా మసకేననీ, రెండో కంటికి పొర తీస్తే అక్షరాలు కనిపిస్తాయనీ, ఆలస్యమైతే ఆ కన్ను దక్కదనీ డాక్టరు గారు చెప్పారు. మరదలి సొత్తు పోగొట్టినవాడికి కన్నెందుకు, నేను బస్సెక్కను అని ఈయన మొండికేశారు. చెప్పి చెప్పి అలిసిపోయాను తల్లీ. నువ్వొకసారి వచ్చి, పోనిద్దురూ బావగారూ అనవూ.

ఇట్లు,
నీ అక్క
రత్నమాణిక్యం

తా.క.: పైదంతా ఆయనకి చదివి వినిపించాను. సరిగ్గా రాశావన్నారు. ఇది మాత్రం పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను.

అమ్మ కాసులపేరు మూడేళ్ళ కిందటే పోయింది తులసీ. మద్రాసులో ఆయన మొదటి కంటి ఆపరేషనుకి నేనే అమ్మేశాను. ఖర్చంతా హాలు పాత యజమాని పెట్టుకున్నాడని చెప్పాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. వాడు పట్టుకుపోయింది రాజమండ్రిలో చేయించిన గిల్టుది. సీమంతానికి కావాలని నువ్వు కబురు పెట్టగానే పెట్టె తీసి ఆ గిల్టుదాన్ని తిప్పి తిప్పి చూశాను. మరిదిగారు బంగారం బరువు తెలిసిన మనిషి, ఒకసారి చేత్తో పట్టుకుంటే చాలు, బయటపడిపోతుంది. సరిగ్గా అప్పుడొచ్చాడు వాడు. మెయిల్లో దిగి తిన్నగా వచ్చానన్నవాడి చెప్పులకి మన కాలవగట్టు బురద ఎండిపోయి ఉంది. మొదటి పూటే తెలిసింది నాకు. ఎప్పుడు పట్టుకుపోతాడా అని కూర వడ్డిస్తూ ఎదురుచూశాను. ఆయన పెట్టె తీస్తున్నప్పుడు ఒక్క మాట అంటే ఆగేవారు. అనలేదు. నా తప్పు దొంగ నెత్తిన పడుతుందనుకున్నాను గానీ, మీ బావగారు తన నెత్తిన వేసుకుంటారని తోచలేదు.

నిజం ఆయనకి చెప్పలేను. మొదటి కంటికి అమ్మ నగ పోయిందని తెలిస్తే రెండోదాన్ని అసలు ముట్టుకోనివ్వరు. నన్ను తిట్టు, జన్మంతా మాట్లాడకు, పడతాను. అయిదో తారీఖు లోపల వచ్చి, దొంగ దొరికాడనీ, కాసులపేరు నీ ఇంటికి చేరిందనీ ఆయనతో చెప్పు. నేను చెబితే ఊరడిస్తున్నాననుకుంటారు. నువ్వు చెబితే నమ్ముతారు. ఇన్నేళ్ళలో నువ్వాయనతో ఒక్క అబద్ధమూ ఆడలేదు.